చిన్నప్పుడు పిచ్చిగా నచ్చిన సినిమా ఇంట్లో మళ్లీ చూస్తే ఎందుకు తేలిపోతుంది? ఒక పాత ఆపరేటర్ సమాధానం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. విశాఖ మధురవాడలో ఉంటారు, శనివారం రాత్రి ఇంటిల్లిపాదీ టీవీలో సినిమా చూస్తారు. పదో తరగతిలో మూడుసార్లు చూసిన సినిమా ఒకటి ఈమధ్య మళ్లీ పెట్టారు. సగానికే విసుగొచ్చింది, పిల్లలు లేచి వెళ్లిపోయారు. ఆ రాత్రే బంధువుల గ్రూపులో "అందరూ చెప్పుకునేంత గొప్ప సినిమా ఏం కాదు" అని రాశారు. పెదనాన్నగారు నొచ్చుకున్నారు. ఇప్పుడు మీ సందేహం: అప్పటి అభిప్రాయం సరైనదా, ఇప్పటిదా? ఇంట్లో చూసిన సినిమా గురించి నలుగురికి ఎలా చెప్పాలి?

సూటిగా చెప్తాను. రెండు అభిప్రాయాలూ మీవే, రెండూ చెల్లుతాయి. కాకపోతే ఆ రెండూ ఒకే సినిమా మీద ఏర్పడినవి కాకపోవచ్చు. అప్పుడు చూసిన ప్రింటు వేరు, తెర వేరు, పక్కన కూర్చున్నవాళ్లు వేరు. అందుకని సినిమా బాగుందా లేదా అని తేల్చే ముందు, అసలు మీరు ఏం చూశారో తేల్చుకోండి. గ్రూపులో రాసేటప్పుడు కూడా ఆ సంగతి ముందు రాయండి. సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి.

నేను 1984 నుంచి 2011 వరకు విశాఖపట్నంలో సినిమా హాళ్లలో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చేశాను. రీళ్లు పోయి డిజిటల్ వచ్చాక క్యాబిన్‌లో నాకు బటన్ నొక్కడం తప్ప పని లేకపోయింది, మానేశాను. ఇప్పుడు అక్కయ్యపాలెంలో మా ఇంట్లో 43 అంగుళాల టీవీ ముందు వారానికి రెండు సినిమాలు చూస్తాం, నేనూ మా ఆవిడా. సెలవులకి వస్తే మనవడు కూడా. వాటిలో ఎక్కువ నేను ఒకప్పుడు ఆడించినవే.

ముందు నా పరువు తీసే సంగతి ఒకటి. ఒక సినిమా నేను తొమ్మిది వారాలు ఆడించాను, రోజుకి నాలుగు ఆటలు. లెక్కేస్తే 252 ఆటలు. ఆ సినిమా గురించి ఎవరు మాట్లాడినా "నాకు చెప్పకు, నేను 252 సార్లు చూశాను" అనేవాణ్ని. మానేశాక ఇంట్లో మా ఆవిడ పక్కన కూర్చుని మొదటిసారి పూర్తిగా చూశాను. అందులో హీరో తండ్రి ఉత్తరం చదివే సీను ఒకటి వచ్చింది. నేను ఎప్పుడూ చూడలేదు! మా ఆవిడ నావైపు చూసి నవ్వడం మొదలుపెట్టింది.

ఎలా జరిగిందంటే, మా క్యాబిన్‌లో రెండు ప్రొజెక్టర్లు ఉండేవి. 2000 అడుగుల రీలు 22 నిమిషాలు నడుస్తుంది. అది నడుస్తుండగానే రెండో మెషీన్‌లో తర్వాతి రీలు ఎక్కించాలి, ప్రొజెక్టర్‌కి వెలుగిచ్చే కార్బన్ రాడ్లు చూసుకోవాలి. తెర మీద కుడిపక్క పైమూల చిన్న చుక్క కనిపిస్తుంది. అది రాగానే రెండో మోటారు వేయాలి, రెండో చుక్కకి బొమ్మని రెండో మెషీన్‌కి మార్చాలి. మార్చాక అయిపోయిన రీలు తీసి వెనక్కి చుట్టాలి. కాబట్టి ప్రతి రీల్లోనూ మొదటి రెండు మూడు నిమిషాలు నా కళ్లు తెర మీద ఉండవు. ఆ ఉత్తరం సీను సరిగ్గా ఆరో రీలు మొదట్లో ఉంది. 252 సార్లూ నేను తెరకి వీపు పెట్టి రీలు చుట్టుకుంటున్నాను. ఆ సీను లేకపోతే హీరో చివర్లో ఎందుకు లొంగిపోతాడో అర్థం కాదు. ఇరవై ఏళ్లు నేను "క్లైమాక్స్ అతకలేదు" అని చెప్తూ తిరిగాను.

ఇది ఆపరేటర్ కష్టం అనుకోకండి. ఇంట్లో టీవీ ముందు ఫోను చూసుకునే ప్రతివాడిదీ ఇదే కథ, నాకు కనీసం జీతం ఇచ్చారు.

ఇప్పుడు ప్రింటు సంగతి.

మీరు పదో తరగతిలో చూసింది హాల్లోనా, కేబుల్‌లోనా, వీడియో సీడీలోనా (వీసీడీ)? అడగడానికి కారణం ఉంది. పాత రోజుల్లో ప్రింటు ఊరూరూ తిరిగేది. తెగిన చోటల్లా నాలుగు ఫ్రేములు కత్తిరించి ఫిల్మ్ సిమెంటు అనే జిగురుతో అతికించేవాళ్లం. బొమ్మ పక్కన ఉండే సౌండ్ ట్రాక్ ఆ బొమ్మది కాదు, ధ్వని 20 ఫ్రేములు ముందు అచ్చవుతుంది. అందుకని కోత పడ్డచోట బొమ్మలో ఒక ముక్క, మాటలో ఇంకో ముక్క పోయేది. ప్రింటు మూడో రన్‌కి, అంటే మూడో విడత ఊళ్లకి, వచ్చేసరికి మంచి డైలాగు సగం మింగేసినట్టు వినిపించేది. జనం "హీరో తడబడ్డాడు" అనుకునేవాళ్లు.

తెగినవి సరే, కావాలని కోసినవి కూడా ఉన్నాయి. నేను పనిచేసిన ఒక హాల్లో, పేరు వద్దు, యజమాని నాలుగు ఆటల మధ్య టైం సరిపోవట్లేదని కామెడీ ట్రాక్ ఒకటి, పాట ఒకటి తీసేయమన్నాడు. నేనే తీశాను, డబ్బాలో విడిగా పెట్టాను. అదే సినిమా విజయనగరంలో మా బావమరిది పూర్తిగా చూశాడు. ఏ పెళ్లిలో కలిసినా ఆ కామెడీ గురించి అతనికీ మా వీధి ఆయన ఒకరికీ వాదన. "అసలు ఆ సినిమాలో కామెడీయే లేదు" అంటాడు మా వీధి ఆయన. పాపం, ఆయన చూసింది నేను కోసిన సినిమా. నేను ఇంతవరకు ఆయనకి చెప్పలేదు.

వీసీడీ అయితే ఇంకా ఘోరం. ఒక్కో బొమ్మ 352 అడ్డం, 288 నిలువు, అంటే లక్ష చుక్కలు. ఇప్పుడు మన ఫుల్ హెచ్‌డీ టీవీలో 20 లక్షల పైచిలుకు చుక్కలు. రాత్రి సీన్లన్నీ వీసీడీలో నల్ల గళ్లుగా కనిపించేవి. అలా చూసి నచ్చిందంటే అది కథ బలం, పాటల బలం అన్నమాట. డిస్కులతో ఇంకో తంటా కూడా ఉంది. పాల్ (PAL) అనే టీవీ పద్ధతిలో చేసినవైతే సెకనుకి 24 బొమ్మలు నడవాల్సినది 25 నడుస్తుంది. రెండున్నర గంటల సినిమా 144 నిమిషాల్లో అయిపోతుంది. శృతి కూడా కొంచెం పెరుగుతుంది, అర స్వరం కంటే కాస్త తక్కువ. మా పక్కింటి సంగీతం మాస్టారు ఒక పాత సినిమా డిస్కు పెట్టి "గాయకుడి గొంతు ఇది కాదు, ఎవరో మార్చేశారు" అని వారం రోజులు బాధపడ్డారు. ఎవరూ మార్చలేదు మాస్టారూ, డిస్కు పరిగెడుతోంది అంతే అని చెప్పాక కుదుటపడ్డారు.

అల్లూరి సీతారామరాజు చూడండి. 1974 మే 1న వచ్చింది, తెలుగులో మొదటి సినిమాస్కోప్. చింతపల్లి అడవుల్లో తీశారు, ఇప్పుడు ఆ జిల్లా పేరే అల్లూరి సీతారామరాజు జిల్లా. స్కోప్ అంటే తెర ఎత్తు ఒకటైతే వెడల్పు రెండుంపావు దాటుతుంది. మన టీవీ వెడల్పు 16 అయితే ఎత్తు 9. స్కోప్ బొమ్మని ఉన్నది ఉన్నట్టు వేస్తే పైనా కిందా నల్ల పట్టీలు వచ్చి, తెరలో నాలుగో వంతు ఖాళీ పోతుంది. ఆ పట్టీలు చూసి "టీవీ సగమే వస్తోంది" అని చాలామంది జూమ్ నొక్కుతారు. అప్పుడు రెండు పక్కలా కలిపి బొమ్మలో నాలుగో వంతు పోతుంది. ఆ సినిమాలో కొండలు, జనం, గుంపు కదలికలు ఉన్నదే ఆ పక్కల్లో. శ్రీశ్రీ రాసిన "తెలుగు వీర లేవరా" పాటకి జాతీయ అవార్డు వచ్చింది, ఆయన మన విశాఖలో పుట్టినవాడు. ఆ పాటని జూమ్ చేసి చూస్తే ఒక మనిషి పాడుతున్నట్టు ఉంటుంది, పూర్తి బొమ్మలో చూస్తే ఒక కొండ ప్రాంతం పాడుతున్నట్టు ఉంటుంది. ఇది కేవలం నా అభిప్రాయం, కాదంటే వాదించను. జూమ్ తీసేసి మాత్రం చూడండి.

పాత బ్లాక్ అండ్ వైట్ సినిమాలకి దీనికి ఎదురు జబ్బు. అవి దాదాపు చదరంగా ఉంటాయి, కాబట్టి పట్టీలు పక్కల్లో వస్తాయి. ఎవరో ఒకరు రిమోట్ తీసుకుని సాగదీస్తారు. సావిత్రి గారు బొద్దుగా కనిపిస్తారు, తేరు చక్రాలు కోడిగుడ్ల ఆకారంలోకి వస్తాయి.

సావిత్రి గారు అనగానే మాయాబజార్ గుర్తొచ్చింది, దాని గురించి ఇంకో మాట. 1957లో తీసింది నలుపు తెలుపులో. 2010 జనవరిలో రంగులద్ది మళ్లీ విడుదల చేశారు. మా మనవడు రంగులది చూశాడు, నేను పాతది చూడమంటాను, ఇద్దరం మాటామాటా అనుకుంటాం. నా వాదన ఏంటంటే, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లే వెలుగు పెట్టింది నలుపు తెలుపుల కోసం. మొహం వెనక గోడ నుంచి విడిపోవాలంటే ఆయనకి రంగు లేదు, వెలుగే దిక్కు. రంగు వచ్చాక కన్ను పట్టుబట్టల మీదకి పోతుంది. వాడి వాదన: "తాతా, రంగుల్లో లేకపోతే నేను అసలు చూసేవాణ్నే కాదు." దానికి నా దగ్గర జవాబు లేదు. ఒక జాగ్రత్త, ఇదే సినిమా అప్పుడే తమిళంలో కూడా తీశారు, అందులో అభిమన్యుడు జెమినీ గణేశన్. ఇంటర్నెట్‌లో వెతికి తొందరపడి నొక్కితే అది రావచ్చు. మా బంధువు ఒకాయన పావుగంట చూసి "నాగేశ్వరరావు ఏడీ?" అని ఫోన్ చేశాడు.

ఇక టీవీ. కొత్త టీవీ కొని పాత సినిమా వేస్తే సీరియల్‌లా ఉందని చాలామంది అంటారు. సినిమా సెకనుకి 24 బొమ్మలు. టీవీ ఆ బొమ్మల మధ్య లేని బొమ్మలు సొంతంగా తయారుచేసి ఇరికిస్తుంది, కదలిక నున్నగా కనిపించాలని. క్రికెట్‌కి బాగుంటుంది. సినిమాకి మాత్రం సెట్టు సెట్టులాగే, మేకప్ మేకప్‌లాగే కనిపిస్తాయి. ఒక్కో కంపెనీ దీనికి ఒక్కో పేరు పెట్టింది: ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఆటో మోషన్ ప్లస్. పిక్చర్ సెట్టింగ్స్‌లో వెతికి ఆపేయండి. "సినిమా" అనో "ఫిల్మ్‌మేకర్" అనో మోడ్ ఉంటే అది పెట్టండి. మొదట బొమ్మ పసుపుగా, డల్‌గా అనిపిస్తుంది. పావుగంట ఓపిక పట్టండి, కన్ను అలవాటు పడుతుంది. మీ పిల్లలు లేచి వెళ్లిపోవడానికి ఇది కూడా ఒక కారణం కావచ్చు, నవ్వకండి.

సౌండ్ గురించి ఎక్కువ చెప్పను. మాటలు వినపడవు, ఫైట్ రాగానే పక్కింటివాళ్లు తలుపు కొడతారు, అందరి ఇళ్లలో ఇదే. పల్చటి టీవీలకి స్పీకర్లు కిందకో వెనక్కో ఉంటాయి. యాప్‌లో ఆడియో 5.1 (చుట్టూ స్పీకర్లు ఉన్నవాళ్లకి చేసినది) బదులు స్టీరియో ఎంచుకుంటే మాటలు కొంత తేరుకుంటాయి. చిన్న సౌండ్ బార్ అయినా ఫరవాలేదు. ఫ్యాను ఒక పాయింట్ తగ్గించండి. వైజాగ్ ఉక్కలో ఇది చెప్పడం తేలికే, చేయడం కష్టం, నాకు తెలుసు.

దీనికంటే పెద్ద సంగతి ఇంటర్వల్. మన సినిమాలు రెండు ముక్కలుగా రాస్తారు. ఇంటర్వల్ ముందు ఒక కుదుపు పెడతారు, అది మనసులో పట్టుకుని జనం బయటకి వెళ్లి, సమోసా తిని, "ఇప్పుడేం చేస్తాడ్రా" అనుకోవాలి. ఆ పది నిమిషాలు కూడా కథలో భాగమే. ఇంట్లో ఏం చేస్తున్నాం? కుక్కర్ విజిల్‌కి ఒకసారి, ఫోనొస్తే ఒకసారి, అమెజాన్ కుర్రాడు బెల్లు కొడితే ఒకసారి ఆపుతాం. అసలు ఇంటర్వల్ వచ్చినప్పుడు మాత్రం ఆపకుండా రెండో సగంలోకి దూకేస్తాం. కుదుపు వృథా. తర్వాత "సెకండాఫ్ లాగ్" అంటాం.

మా ఇంట్లో రూలు ఇది. సినిమా మొదలయ్యాక ఇంటర్వల్ కార్డు దాకా ఆపకూడదు. కార్డు పడగానే తప్పకుండా ఆపాలి, పది నిమిషాలు లేవాలి, టీ పెట్టాలి. మా ఆవిడ మొదట నవ్వింది. ఇప్పుడు ఇంటర్వల్‌కి మిరపకాయ బజ్జీ కావాలంటుంది, అది మాత్రం ప్రతివారం కుదరదు. ఈ ఒక్క మార్పుతో మేము "బోరు" అని పక్కన పెట్టిన మూడు సినిమాలు మళ్లీ పూర్తిగా చూడగలిగాం. వాటిలో ఒకటి రెండోసారి కూడా బోరే. అది వేరే సంగతి.

మా అబ్బాయి ఒకటిన్నర స్పీడులో చూస్తాడు. కథ తెలిస్తే చాలట. అలా చూసినవాడు కథ గురించి ఏమైనా మాట్లాడొచ్చు, నటన గురించి, పాటల గురించి మాట్లాడకూడదు అని వాడికే చెప్పాను. ఒప్పుకోలేదు.

ఇంతవరకు చెప్పింది తెర సంగతి. ఇదంతా సరిచేశాక కూడా సినిమా తేలిపోయిందంటే, అప్పుడు మీ వయసు గురించి మాట్లాడుకోవాలి.

మరో చరిత్ర నేను 14 ఏళ్లప్పుడు, 1978లో చూశాను. బాలచందర్ గారు విశాఖ, భీమిలి పరిసరాల్లో తీశారు. రంగుల సినిమాలు వచ్చేస్తున్న రోజుల్లో దాన్ని బ్లాక్ అండ్ వైట్‌లో తీశారు. తమిళ కుర్రాడు కమల్ హాసన్, తెలుగు అమ్మాయి సరిత, ఆమెకి అదే మొదటి సినిమా. ఇద్దరి ఇళ్లలో పెద్దలు ఒక షరతు పెడతారు: ఏడాదిపాటు కలవకూడదు, ఉత్తరాలు కూడా రాసుకోకూడదు, అప్పటికీ ప్రేమ నిలిస్తే పెళ్లి. నాకు ఆ పెద్దల మీద ఎంత కోపం వచ్చిందంటే, ఇంటికొచ్చి మా నాన్నతో రెండు రోజులు మాట్లాడలేదు. ఆయనకి ఎందుకో తెలియదు, పాపం.

మా అమ్మాయికి పద్దెనిమిదేళ్లు వచ్చాక టీవీలో మళ్లీ చూశాను. ఏడాది ఆగమన్నారు, అందులో తప్పేముంది అనిపించింది. నేనేనా ఇలా అనుకుంటున్నది అని సిగ్గేసింది కూడా.

మొన్న సంక్రాంతికి మూడోసారి చూశాం. ఈసారి నాకు పెద్దలూ గుర్తులేరు, ప్రేమికులూ గుర్తులేరు. మాధవి వేసిన సంధ్య పాత్ర పట్టుకుంది. భర్తపోయిన అమ్మాయి. మొదటిసారి ఆవిడ నాకు కథకి అడ్డొచ్చిన మనిషి, "ఈమె ఎందుకు మధ్యలో" అనుకున్నాను. ఇప్పుడు ఆ సినిమాలో అడగకుండానే నష్టపోయింది ఆవిడే అనిపించింది. మా చెల్లెలు చిన్న వయసులో ఒంటరిదైంది. 1978లో నాకు అలాంటి మనుషులు ఎవరూ తెలియదు. ఈ మూడింటిలో ఏది సరైన అభిప్రాయం? సినిమాలో ఒక్క ఫ్రేము మారలేదు. మూడూ చెప్తాను ఎవరైనా అడిగితే, ఏ వయసులో ఏది అనుకున్నానో కూడా చెప్తాను. మీ గ్రూపులో మీరు చేయాల్సింది కూడా ఇదే. "గొప్ప సినిమా కాదు" అని తీర్పు ఇచ్చే బదులు "పదో తరగతిలో ఫలానా చోట ఏడ్చాను, ఇప్పుడు అదే చోట గడియారం చూశాను" అని రాయండి. దానికి పెదనాన్నగారు ఎందుకు నొచ్చుకుంటారు? ఆయనకీ చెప్పుకోడానికి ఒకటి దొరుకుతుంది.

అయితే వయసు పేరు చెప్పి ప్రతి పాత సినిమానీ కాపాడనక్కర్లేదు. కొన్ని అప్పుడూ బాగాలేవు, మనకే తెలియలేదు. ఆడపిల్లని వెంటపడి వేధించడాన్ని సరదాగా చూపించిన పాటలకి హాల్లో ఈలలు వేస్తుంటే నేను క్యాబిన్‌లో వాల్యూమ్ పెంచినవాణ్నే. ఇప్పుడు మనవరాలి పక్కన కూర్చుని అవి చూడలేను. ప్రింటు సరిచేసినా, టీవీ సరిచేసినా అది మారదు. అలాంటిదైతే నిర్మొహమాటంగా రాసేయండి, పెదనాన్నగారు ఏమన్నా సరే.

ఊరు కూడా అడ్డొస్తుంది, ఇది మన వైజాగ్ వాళ్లకి ఎక్కువ. కేరాఫ్ కంచరపాలెం 2018 సెప్టెంబరులో వచ్చింది. మాకు కంచరపాలెం ఎంత దూరమని, ఆటోలో పది నిమిషాలు. నటించినవాళ్లలో ఎక్కువమంది ఆ చుట్టుపక్కల జనమే, అంతకుముందు కెమెరా ముందుకు రానివాళ్లు. మొదటిసారి నేను సినిమా చూడలేదు, వీధులు చూశాను. "అదిగో ఆ సందు, అదిగో ఆ మెట్లు" అంటూనే ఉన్నాం రెండున్నర గంటలూ. చూశాక "చాలా బాగుంది" అని అందరికీ ఫోన్లు చేశాను. ఏం బాగుందని మా బావమరిది అడిగితే సందు గురించి చెప్పాను. "సందు చూడ్డానికైతే ఆటో ఎక్కొచ్చు కదా బావా" అన్నాడు.

రెండోసారి ఇంట్లో చూసినప్పుడు సందుల పిచ్చి తగ్గి, కథలు ఒకదాని పక్కన ఒకటి ఎలా పేర్చారో కనిపించింది. చివర్లో తెలిసే సంగతి ఒకటి ఉంది, చూడనివాళ్లు ఉంటారు కాబట్టి చెప్పను. అది తెలిసి చూస్తే మొదటి అరగంటలో చిన్న చిన్న మాటలకి వేరే బరువు వస్తుంది. కొన్ని సినిమాలు ఇలా రెండోసారికే తెరుచుకుంటాయి. కొన్నిటికి ముగింపు తెలిశాక మిగిలేది ఏమీ ఉండదు. కాబట్టి మీరు మొదటిసారి చూసి చెప్తున్నారా, రెండోసారా అన్నది తప్పకుండా రాయండి. ముగింపు బయటపెట్టకుండా రాయండి. 1957 నాటి సినిమా అయినా సరే, ఇంట్లో ఎవరో ఒక పిల్లవాడు ఇంకా చూసి ఉండడు.

చూసిన వెంటనే రాయకండి అని కూడా చెప్తాను. ఇది నాకు హుద్‌హుద్ నేర్పింది. 2014 అక్టోబరు 12న తుఫాను వచ్చి వెళ్లాక మా వీధిలో రోజుల తరబడి కరెంటు లేదు. టీవీ లేదు, ఫోన్లలో చార్జింగ్ లేదు. సాయంత్రం అందరం మేడ మీద చేరేవాళ్లం. మొదట విరిగిన చెట్ల గురించి, నీళ్ల ట్యాంకర్ గురించి మాటలు. మూడో రోజుకి అవి అయిపోయాయి. ఎవరో "ఒక సినిమా కథ చెప్పండి ఆపరేటర్ గారూ" అన్నారు. చీకట్లో కూర్చుని సినిమా చెప్పడం మొదలుపెట్టాను.

అప్పుడు తెలిసింది నాకు ఏది మిగిలిందో. గొప్పవి అనుకున్న కొన్ని సినిమాలు ఐదు నిమిషాల్లో అయిపోయాయి, చెప్పడానికి ఏమీ దొరకలేదు. మామూలు సినిమా అనుకున్న ఒకటి గంట సేపు చెప్పాను, పిల్లలు కదల్లేదు. శివ సినిమా గురించి చెప్పమంటే పోర్టులో పనిచేసే ఒకాయన లేచి తనే చెప్పాడు, సైకిల్ చైను లాగే సీను చెయ్యి ఆడించి చూపిస్తూ. 1989 నుంచి ఆయన ఒంట్లో ఉండిపోయింది ఆ సీను. 2025 నవంబరులో అది 4కేలో మళ్లీ హాళ్లకి వస్తే తన మనవడితో వెళ్లాడట, "నేను చెప్పినట్టే తీశాడు" అన్నాడు.

అందుకని మా ఇంట్లో చూసిన రాత్రి ఎవరూ తీర్పు చెప్పకూడదు. పొద్దున్న కాఫీ దగ్గర ఒక్కొక్కరు ఒక సీను చెప్పాలి, కథ కాదు, ఒక్క సీను. ఎవరికీ ఏ సీనూ గుర్తు రాకపోతే ఆ సినిమా సంగతి తేలిపోయినట్టే. ముగ్గురూ మూడు సీన్లు చెప్తే వచ్చే వాదన, రాత్రి చూసిన సినిమా కంటే బాగుంటుంది ఒక్కోసారి. మీరు గ్రూపులో రాయాలనుకుంటే ఆ కాఫీ తర్వాత రాయండి. ఎక్కువ అక్కర్లేదు, ఐదారు వాక్యాలు. ఏది చూశారు, ఎక్కడ చూశారు, ఎన్నోసారి, పాత ప్రింటా రంగులదా, మధ్యలో ఎన్నిసార్లు లేచారు, మీలో ఉండిపోయిన సీను ఏది, మిమ్మల్ని బయటకి నెట్టేసిన చోటు ఏది. నటీనటుల జాబితా, కథ మొత్తం వద్దు, అవి ఎక్కడైనా దొరుకుతాయి. స్టార్లు, మార్కులు కూడా నేను ఇవ్వను. రెండున్నర మార్కులు అని ఎవరైనా అంటే ఆ అర మార్కు ఎక్కడ పోయిందని అడగాలనిపిస్తుంది.

మీ సినిమా పేరు మీరు రాయలేదు, మంచిపనే చేశారు, లేకపోతే నేనూ పక్షం తీసుకునేవాణ్ని. ఈ శనివారం దాన్నే మళ్లీ పెట్టండి. మోషన్ సెట్టింగ్ ఆపి, జూమ్ తీసేసి, ఇంటర్వల్‌కి లేచి చూడండి. పిల్లల్ని బలవంతంగా కూర్చోబెట్టకండి, ఇంటర్వల్ బజ్జీలకి వాళ్లే వస్తారు.

అంతకంటే ముందు పెదనాన్నగారికి ఫోన్ చేయండి. క్షమాపణ అక్కర్లేదు, ఆ సినిమా ఏ హాల్లో చూశారో అడగండి చాలు. మా వైపు పెద్దాయన ఒకరిని ఇలాగే అడిగితే జగదాంబ దగ్గర మొదలుపెట్టి, అప్పటి క్యూ, బ్లాకులో టికెట్ అమ్మినవాడి మీసం, మా పెద్దమ్మ కట్టుకొచ్చిన చీర రంగు దాకా చెప్పారు. సినిమాకి రావడానికి నలభై నిమిషాలు పట్టింది. అప్పటికి నా ఫోన్ బ్యాటరీ అయిపోయింది.